మిద్దె మీది అనపగింజ

"కనబడిందా?" మిద్దె మెట్ల మీద నుంచే అడిగింది పంకజాక్షి.

"కనబడకేం! అచ్చం అనపగింజ మాదిరి ఉండాది. నడుమ ఉబ్బు, అంచులు సన్నం." టెలిస్కోపుకు కన్ను ఆనించి అన్నాడు పరంధామయ్య.

ఆ గెలాక్సీకి వాళ్ళింట్లో పేరే అనపగింజ. పంకజాక్షి అమ్మయ్య అనుకుంది. వెంటనే గుండెలో ముల్లు మళ్ళీ కదిలింది.

పరంధామయ్య చంద్రగిరిలో సైన్సు అయ్యవారు. టెలిస్కోపులోని అద్దాన్ని పెళ్ళైన కొత్తలో ఏండ్ల తరబడి తన చేత్తోనే అరగదీసి, మద్రాసులో వెండిపూత వేయించుకొచ్చాడు. ఆ పిచ్చి చూసే, చిత్తూరు అవతల అరవ కొండల్లో పెద్ద టెలిస్కోపు దగ్గర కొలువుకు రమ్మని ఈ మధ్య కబురంపారు. రాత్రంతా ఆకాశం చూడటమే పని. ఆయన జన్మంతా కోరుకున్నది అదొక్కటే.

ఆ సంబరంలో ఉన్న మనిషికి ఎట్లా చెప్పేది?

శివరాత్రికి ఇల్లు దులుపుతూ టెలిస్కోపు అద్దం మీద నల్లమచ్చలు చూసింది. గొట్టం అడుగు మూత ఊడదీసి, దీపపు కుందులతో పాటు అద్దాన్నీ చింతపండేసి తోమింది. మచ్చలతో పాటు వెండీ నీళ్ళలో కలిసిపోయింది. గబగబా తుడిచి, ఎక్కడిదక్కడ బిగించేసింది. నెలవంక వచ్చినరోజు దొంగతనంగా తనే కన్ను పెట్టి చూసింది. చందమామ మసగ్గానైనా కనిపించాడు. పోనీలే, కొంపేం మునగలేదని మనసుకు చెప్పుకుంది. మనసు వినలేదు.

"ఇంకేముండాయి దాంట్లో?" పైకి వచ్చి అడిగింది.

"అన్నీ ముసలి నక్షత్రాలే. సుడి తిరిగే చేతుల్లేవు, కొత్తవి పుట్టేదానికి సరుకూ లేదు. మూడు కోట్ల ఏండ్ల కిందట బయల్దేరిన వెలుగిది."

"మీ మేనమామ ఊరి మాదిరే. ఆడా అందరూ ముసలోళ్ళే!"

ఆయన నవ్వలేదు.

"ఆ కొలువుకు రానని చెప్పేసినా పంకజా."

"నా కోసమా? ఆ చలికొండల్లో ఎవురుంటారని నేనన్నందుకా?"

ఆయన టెలిస్కోపు మీద చెయ్యేసి నిమిరాడు. ఆమె ఇక ఆపుకోలేకపోయింది.

"నేను పాపిష్టిదాన్నండీ! శివరాత్రికి మీ అద్దాన్ని చింతపండేసి తోమేసినా. వెండంతా పోయింది. అయినా మీకు అనపగింజ కనబడతా ఉండాదని నోరు మూసుకున్నా."

పరంధామయ్య టెలిస్కోపు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"శివరాత్రి నుంచీ అది ఒక్కనాడూ కనబళ్ళేదు పంకజా, నా కండ్లే పోయినాయనుకొని ఆ కొలువు వదులుకున్నా."