రెండు పంచాంగాలు

ఇంటిపనులన్నీ నడిపే మేనేజర్ సాఫ్ట్‌వేర్ ఇంటింటికీ వచ్చాక పంచాంగం గోడకు వేలాడడం మానేసి, ప్యాకేజీగా నేరుగా ఇంట్లోకే దిగుతోంది. పొయ్యి కూడా తిథి చూసుకునే వెలుగుతుంది. ఒకదానితో ఒకటి పడని ప్యాకేజీలను కావాలని ఎక్కించి, మేనేజర్ ఏం చేస్తుందో చూసి కంపెనీకి రాయడం కామేశం ఉద్యోగం.

ఆ ఉదయం ఆఫీసుకు వెళ్లడానికి బద్ధకించి, తన ఇంట్లోనే రెండు పంచాంగాలు ఎక్కించాడు. వాళ్ల నాన్నగారి తద్దినం ఇవాళని ఒకటంది, రేపని రెండోదంది. అలాంటప్పుడు మేనేజర్ ఆగి, ఏది ఉంచాలో అడగాలి. అది అడగలేదు. "తగువుకు మూలమైన మరణం తొలగించబడింది" అంది.

పెరటి తలుపు తెరుచుకుంది. నాలుగేళ్ల కిందట కాలం చేసిన సూర్యప్రకాశంగారు తడి తువ్వాలుతో లోపలికొచ్చి వాసన పీల్చారు.

"గారెలు వండారు. ఎవరి తద్దినంరా ఇవాళ?"

కామేశం భార్య భ్రమర మామగారికి విస్తరి వేసి వడ్డించి వచ్చింది.

"ఏమండీ, మేనేజర్ తప్పు చేసిందని రాస్తే ఏమవుతుంది?" అంది లోగొంతుకతో.

"సరిచేస్తారు. మళ్లీ ఎప్పటిలా అయిపోతుంది."

పెద్దాయన గారె తుంచి నోట్లో వేసుకుని మొహం చిట్లించారు. "ఉప్పు వెయ్యడం మరిచావా, అమ్మాయ్?"

కామేశం రిపోర్టు తెరిచాడు. 'గమనించిన లోపాలు' అన్న గడిలో రాశాడు: "గారెల్లో ఉప్పు తగ్గింది."