సరిచూసినవారు

నవనీతకు ఐర్లాండ్‌లోని ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఫార్మసీ చదువు అయ్యాక ఇదే మొదటిది. విమానానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అక్కడ చేసే ప్రతి పనీ కాగితం మీద రాయాలని ఆన్‌లైన్ ట్రైనింగ్‌లో చెప్పారు. ఒకరు రాస్తే మరొకరు సరిచూసి సంతకం పెట్టాలి. తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది పైన రాసి, సంతకం చేయాలి.

అలవాటు కోసం సూర్యాపేటలోని తన కిరాయి గది గోడకు ఒక చార్టు అంటించుకుంది. రూమ్మేట్ దీప ఊరెళ్లినప్పటి నుంచి రోజూ రాత్రి గది ఉష్ణోగ్రత, గదిలో ఎంతమంది ఉన్నారో రాస్తోంది. 'సరిచూసినవారు' గడి ఖాళీగా వదిలేస్తోంది.

ఈ రాత్రి '31 డిగ్రీలు, 1' అని రాస్తూ చూసింది. ఖాళీగా వదిలిన పై గడులన్నిట్లో ఎవరిదో సంతకం ఉంది.

దీపకు ఫోన్ చేసింది.

"నేను లేనప్పుడొచ్చి సంతకాలు పెట్టినవ్ గద? రెండో తాళంచెవి నీ దగ్గరనే ఉంది."

"నేను మా ఊరు మోతెకొచ్చి నాలుగు రోజులాయెనే. తాళంచెవి కిటికీల పెట్టొచ్చిన, సూడు."

కిటికీలో తాళంచెవి ఉంది. దాని మీద సన్నగా దుమ్ము పట్టింది.

"నవనీతా, తలుపుకు గడియ పెట్టినవా?"

పెట్టే ఉంది. వెనక ఎక్కడో పెన్ను మూత టప్పుమంది.

చార్టు వైపు తిరిగింది. ఇప్పుడే రాసిన 1 మీద తిన్నగా ఒక్క గీత ఉంది. పక్కన అదే సంతకం. పైన, పొందికగా, 2.