కాగితంలో లేని మాట

"చెప్పండి, ఏం చేశారు?" రాగిణి రెండోసారి అందించింది.

"నీ పట్టుచీర కాల్చేశాను" అనాల్సిన శశిధర్ మైకు ముందు నోరు మెదపలేదు.

అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో, తెలుగు రేడియోలో ఆదివారం మధ్యాహ్నం హాస్యనాటిక లైవ్‌లో వెళ్తోంది. నాటికలోనూ బయటా వాళ్లిద్దరూ మొగుడూ పెళ్లాలే. అప్పటికే తలుపు చప్పుడు రావాల్సిన చోట కుక్క అరుపు రికార్డింగ్ పడింది.

"ఉద్యోగం పోయింది," అన్నాడు శశిధర్.

నాటిక రాసిన వసుమతి గాభరాగా కాగితం చూపించింది. శబ్దాలు చూసే గోపాల్ అదీ జోకేననుకుని నవ్వుల రికార్డింగ్ వదిలాడు.

రాగిణి కూడా నవ్వబోయింది.

"మూడు వారాలైంది రాగిణీ. కంపెనీలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇంకో జాబ్ రాకపోతే వీసా కూడా ఉండదు."

నాటికలో ఆమె పేరు కనకం. అతను పిలిచింది అసలు పేరుతో. ఊళ్లో తెలిసినవాళ్లంతా వింటున్నారు.

"ఇక్కడా చెప్పేది?" అంది గొంతు తగ్గించి.

"ఇంట్లో నోటిదాకా వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లిపోయాను. ఇక్కడైతే మధ్యలో లేచిపోలేను కదా."

వసుమతి పాట వేయమని గోపాల్‌కి సైగ చేసింది. రాగిణి వద్దన్నట్టు చెయ్యెత్తింది. రోజూ పొద్దున్నే టై కట్టుకుని బయల్దేరే మనిషి ఆమె కళ్లముందు మెదిలాడు.

"మరి నేనిచ్చే లంచ్ బాక్స్ ఎక్కడ తింటున్నారు?"

"కార్‌లో. లైబ్రరీ పార్కింగ్‌లో."

రాగిణి నాటిక కాగితం మడిచి పక్కన పెట్టింది.

"రేపు ఇంట్లోనే తిందాం," అంది రాగిణి.