సరే తియ్

"ప్రపంచం మీ మాట వింటోంది" అంటూ హైదరాబాదులో ప్రతి బస్తీలో పాతిన మాట్లాడే యంత్రస్తంభమూ జనాన్ని ప్రశ్నలడిగే కాలమది. ఆ ఉదయం ఒక బస్తీ స్తంభం అక్కడి తాపీమేస్త్రీ మల్కయ్యను ఆపి, "పైదేశాల యంత్రాలు చల్లబడడానికి మీ బస్తీ బోరు నీళ్లిస్తారా?" అని అడిగింది.

మల్కయ్యకు ఒళ్లు మండింది. "సరే తియ్. మేం మన్ను తాగి బతుకుతం."

"బస్తీ సమ్మతి నమోదైంది," అంది స్తంభం.

మధ్యాహ్నానికల్లా నల్లాలు ఎండిపోయాయి. పక్కింటి రజియా ఖాళీ బిందె తెచ్చి అతని ముందు పడేసింది.

"సరే అన్నవంట గదన్నా?"

"కోపంల అన్న మాట చెల్లె అది. సరే తియ్ అంటే ఒప్పుకున్నట్టా? తల్లి పాలు తాగినోళ్లెవలకైనా తెలుస్తది."

"దానికి తల్లెక్కడిది?"

మల్కయ్య పలుగు భుజాన వేసుకుని వెళ్లి స్తంభం ముందు నిలబడ్డాడు.

"మీ అభిప్రాయం చెప్పండి," అందది మర్యాదగా.

ఈసారి అతను నోటితో చెప్పలేదు.