ఫైలు దొరకలేదు

“మళ్ళ అదే వచ్చింది సార్. ఫైలు దొరకలేదంటుంది,” అంది జెస్సికా.

సంసోను తల ఎత్తలేదు. “మెషిన్ బంద్ చేసి మళ్ళ ఆన్ చెయ్యి,” అన్నాడు.

అలా చేసినా పని కాదని ఆయనకు బాగా తెలుసు.

కొత్తగూడెం బస్టాండు ఎదురుగా ఉన్న ఆ డీటీపీ సెంటర్లో కంప్యూటర్లు రెండు, ఆపరేటర్లు ఇద్దరు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన రోజుల నుంచి సంసోను ఈ పనిలోనే ఉన్నాడు. జెస్సికా వచ్చి ఎనిమిది నెలలు. ఆమెను పెట్టుకోమని ఓనరు వెంకటేశ్వరరావుకు మాట చెప్పింది కూడా సంసోనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. మొదటి రోజే ఆమెను తలుపు దగ్గర ఆపి మరీ చెప్పాడు. “చూడు, దుకాణంల నన్ను అందరి లెక్కనే సార్ అనాలె.”

అలాగే అంటోంది. కానీ పెళ్ళికార్డుకు వచ్చినవాళ్ళు “ఆ పాప లేదా?” అని అడుగుతున్నారు. ఆయన రెండు వేళ్ళతో పేజీ కొట్టేలోపు ఆమె నాలుగు కొట్టేసి, ఆయన పేజీలో తప్పులు కూడా చూపిస్తుంది. ఎవరికీ వినబడకుండా, మెల్లగా చూపిస్తుంది. అదింకా మంట.

టేకులపల్లి బస్సులో ఆయన వెనక సీట్లో, ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో. కండక్టరు కూడా ఆమెనే పలకరిస్తాడు. మధ్యాహ్నం డబ్బాలు తెరిస్తే ఇద్దరిదీ చింతచిగురు పప్పే. ఎండాకాలం మొదట్లో ఆ అడవి ఊళ్ళలో ఎవరింట్లోనైనా అదే. పక్క జిరాక్స్ షాపు రుక్మిణి మాత్రం జెస్సికా డబ్బాలోదే రుచి చూసి, ఎంత మంచిగుందో అంటుంది.

ఇంటికి పోయినా జెస్సికా గొంతు వదలదు. అన్నం ముందు కూర్చున్నా వినబడుతుంది.

అలాంటి సమయంలో కోయ పాటల పుస్తకం వచ్చింది. తెలుగు అక్షరాలే, కానీ కొన్ని పలుకులకు పైన చిన్న చిన్న గుర్తులు పెట్టాలి. రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఆ గుర్తులను పక్క అక్షరం నెత్తిన పడేస్తోంది. అందుకని పుస్తకం వేయించేవాళ్ళే వేరే టైప్‌సెట్టింగ్ సిస్టమునూ, గుర్తుల కోసం దానికి తగిలించే ప్యాకేజీనీ సీడీలో పెట్టి ఇచ్చారు.

ఓనరు ఇద్దరినీ పిలిచాడు. “పని తగ్గింది. ఒక మెషిన్ అమ్మేస్తున్న. శుక్రవారం లోపల ఈ ప్యాకేజీ ఎక్కిచ్చి ఒక్క పేజీ తీసి చూపెట్టినోళ్ళే ఉంటరు. ఇద్దరిని నేను పెట్టుకోలేను.”

ప్యాకేజీని తెచ్చి ఫోల్డరులో పెట్టినంత మాత్రాన పని కాదు. ఆ సిస్టమ్ తన ఫైళ్ళ జాబితాను మళ్ళీ రాసుకోవాలి. రాసుకోకపోతే ఫైలు ఎదురుగా ఉన్నా కనబడదు. రేషన్ జాబితాలో పేరు ఎక్కనివాడు షాపు ముందు నిలబడ్డా బియ్యం రానట్టు. జాబితా రాయించడానికి ఒకే ఒక్క వరుస కొట్టాలి. ఆ వరుసను సంసోను ఒకప్పుడు హైదరాబాదులో నేర్చుకుని పాకెట్ డైరీలో రాసుకున్నాడు. జెస్సికా రెండు రోజులుగా అడుగుతున్నా చెప్పలేదు.

తను సోమవారమే ఎక్కించేశాడు. చూపించలేదు. ముందు ఆమె ఓడిపోవాలి. అది అందరూ చూడాలి.

శుక్రవారం మూడు గంటలకు ఓనరు కుర్చీ లాక్కుని జెస్సికా వెనక కూర్చున్నాడు. రుక్మిణి కూడా గుమ్మంలో నిలబడింది. తెర మీద మళ్ళీ అదే మాట, ఫైలు దొరకలేదని.

“నాతోటి అయితలేదు సార్,” అంది జెస్సికా ఓనరుతో.

సంసోను తన మెషిన్ ముందు చొక్కా సర్దుకుని కూర్చున్నాడు. తీరిగ్గా కొట్టాడు. పేజీ బయటికొచ్చింది. ప్రతి గుర్తూ తన అక్షరం మీదే ఉంది.

“శభాష్,” అన్నాడు ఓనరు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, “ఏమనుకోకు సంసోనూ, నువ్వు చెప్తెనే పెట్టుకున్న ఈ పిల్లను. రేపటి సంది నువ్వొక్కనివే రా,” అన్నాడు.

ఎనిమిది నెలల తర్వాత సంసోనుకు కడుపు చల్లబడింది. జెస్సికా చెప్పులేసుకుని, రోడ్డు దాటి బస్టాండులో నిలబడింది. హడావిడిలో డబ్బా మర్చిపోయింది.

“అమ్మే మెషిన్ల మన ఫైళ్ళు ఏమన్న ఉంటె తీసిపెట్టు,” అని ఓనరు వెళ్ళిపోయాడు.

సంసోను ఆమె కుర్చీలో కూర్చుని ఒక్కో ఫోల్డరు తెరిచాడు. ఒకదాంట్లో కోయ పాటలు ఉన్నాయి. ఒక పేజీ కాదు, నలభై పేజీలు. గుర్తులన్నీ చక్కగా ఎక్కడివి అక్కడే ఉన్నాయి. తారీఖు చూశాడు. మంగళవారం. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు, మంగళవారమే. అంటే తన డైరీలోని ఆ వరుస ఆమెకు అప్పటికే తెలుసు. ఓడిపోయినట్టు కనబడటానికి ఆ ప్యాకేజీని తనే మళ్ళీ తీసేసింది.

మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ‘అక్షరాల కూర్పు: ఎం. సంసోను’ అని ఉంది.

ఆయన రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని, షట్టరు దించి, రోడ్డు దాటాడు. ఆమె ఎదుట నిలబడ్డాడు.

జెస్సికా ఆయన చేతిలోని సంచి అందుకుంటూ, “దుకాణం దాటినం గద, ఇగ జల్దీ బస్సెక్కు నాన్నా,” అంది.