లేజర్ గదిలో నాన్న

సార్,

సోమవారం నుంచి మన మ్యూజియం లేజర్ గది బాధ్యత నాకే అప్పగిస్తున్నారని ఈరోజు నోటీసు బోర్డులో చూశాను. అందుకే ఈ కార్డు ఇప్పుడే రాయాలి.

పోయిన నెల ఒక ఆదివారం మా నాన్నను అనుమతి లేకుండా ఆ గదిలోకి తీసుకొచ్చాను. ఆయన వెల్డరు. బడి మొహం చూడనివాడు. కూతురి పని చూడాలని ముచ్చటపడ్డాడు.

ఇద్దరం రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాక, తవ్వకాల్లో దొరికిన కంచు గిన్నెకు పట్టిన చిలుమును లేజర్‌తో తీసి చూపించాను.

"చెయ్యి తగలకుండానే ఊడిపోతోందే. నిన్ను మా షాపులో పెట్టుకుంటే గ్రైండరు అమ్మేయొచ్చు," అన్నాడు.

మర్నాటికి ఆయన ఎడమ కంటి చూపు మధ్యలో నల్లటి మచ్చ ఏర్పడింది. కంటి డాక్టరు ఏం పని చేస్తావని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న, "వెల్డింగండీ, నలభై ఏళ్లుగా," అన్నాడు. డాక్టరు అదే రాసుకున్నాడు.

"అలా చెప్పావేంటి నాన్నా?" అన్నాను బయటికొచ్చాక.

"కళ్లద్దాలు తీసింది నేను. నీ ఉద్యోగం ఎందుకు పోవాలి? ఇక ఆ మాటెత్తకు."

నాకు ఏడుపు రాలేదు. రోజూ పనికి వస్తున్నాను.

నాన్న నాతో చెప్పింది కూడా అబద్ధమే సార్. రక్షణ కళ్లద్దాల్లోంచి లోహం అసలు రంగు తెలియదని, లేజర్ ఆపి, "ఒక్కసారి తీసి చూడు," అన్నది నేనే. ఆయన వంగి చూస్తుండగా గిన్నె అంచున ఇంకొంచెం చిలుము కనబడింది. అలవాటుగా నా కాలు లేజర్ పెడల్ నొక్కింది.

పన్నెండో తేదీన ఆయన్ను మళ్లీ డాక్టరుకు చూపించాలి. ఈసారి నేనే చెబుతాను. మీ నిర్ణయం ఏదైనా పదకొండులోగా తెలియజేయండి.