పారబోసిన నీళ్ళు

"ఏమ్మా! ఏం చేస్తాండావ్?"

తెల్లవారుజామున బస్టాండుకు పోతున్న కేశవ, హోటల్ ముందు ఆగిపోయి కేకేశాడు.

కసువు ఊడ్చే ఆమె ఉలిక్కిపడింది. చేతిలోని రాగి బిందె అప్పటికే ఖాళీ. నీళ్ళన్నీ కనకాంబరం మొక్కల పాదుల్లో ఇంకిపోతున్నాయి.

"ఆ నీళ్ళు మంచివి కావు సార్..."

"ఫిల్టరు నీళ్ళు మంచివి కావా? ట్యాంకరు రాకపోతే ఈ అనంతపురంలో గొంతు తడవదు. నువ్వు చెట్లకు పోస్తావా?"

"అది కాదు సార్, ఆ చేపల తొట్టికి..."

"తొట్టి సంగతి నీకెందుకు? కసువు ఊడ్చుకో పో."

హోటల్ హాల్లోని ఉప్పునీటి తొట్టి కేశవ ప్రాణం. సముద్రం మొహం చూడని ఊళ్ళో బతికున్న పగడాలు పెంచాడు మరి. రోజూ తొమ్మిదింటికి వచ్చి కాల్షియం, మెగ్నీషియం, అయోడిన్ కొలిచి, చుక్కలు లెక్కపెట్టి వేస్తాడు. ఆరు నెలలుగా పగడాలు నిగనిగలాడుతున్నాయి. అదంతా తన చుక్కల మహిమేనని అతని నమ్మకం.

సోమవారం బెంగళూరు నుంచి ఓ పెద్దాయన చూడటానికి వస్తున్నాడు. నచ్చితే ఆయన కట్టే హోటళ్ళన్నింటిలోనూ తొట్లు పెట్టే పని కేశవదే. ఇప్పుడు ఏ చిన్న తేడా వచ్చినా అంతా మట్టిపాలు.

అందుకే బస్సులోంచే యజమాని వీరప్పకు ఫోన్ చేశాడు. కరువు సీమలో నీళ్ళు పారబోసే మనిషిని ఎవరు ఉంచుకుంటారు? వీరప్ప ఆ పూటే ఆమెను పని మానిపించాడు.

అది బుధవారం.

శుక్రవారానికి పగడాలు ముడుచుకున్నాయి. శనివారం కేశవ చుక్కలు పెంచాడు. ఆదివారం తగ్గించాడు. సోమవారం ఆరింటికే పరుగెత్తుకొచ్చి చూస్తే, నత్తలు అద్దం మీంచి రాలి ఇసుకలో పడి ఉన్నాయి. పగడాలు తెల్లబడుతున్నాయి.

కాల్షియం కొలిచాడు. సరిగ్గానే ఉంది. మెగ్నీషియం సరిగ్గానే ఉంది. ఉప్పూ అంతే.

అప్పుడే వీరప్ప స్నానం చేసి, విభూతి పెట్టుకుని, రాగి బిందె ఎత్తుకొచ్చాడు.

"అన్నా, ఆ బిందె ఏంది?"

"తొట్లో నీళ్ళు ఎండకు ఆవిరైపోతాయని దినామూ మంచినీళ్ళు పోయమంటివి కదప్పా. రాత్రంతా రాగిలో పెట్టి, పొద్దున్నే పోస్తా. మనకు మంచివైతే వాటికి మాత్రం కావా?"

కేశవ చెయ్యి అడ్డంపెట్టి బిందెను ఆపాడు. సముద్రపు నీటిలో రాగి ఉండీ లేనట్టు ఉంటుంది. రవ్వంత పెరిగినా నత్తలకూ పగడాలకూ విషమే.

"ఎన్నాళ్ళ నుంచి పోస్తాండావన్నా?"

"తొట్టి పెట్టినప్పటి నుంచీ. ఆరు నెలలు."

"మరి ఇన్నాళ్ళూ ఎట్ల బతికినాయి?"

గేటు దగ్గరి వాచ్‌మన్ తిప్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఆ కసువు ఊడ్చే యమ్మ బతికించినాదప్పా. మొదటి వారం నత్తలు సచ్చిపోలేదా? రాగి నీళ్ళు పడినాకే అని కనిపెట్టినాది. అప్పటి నుంచి అన్న లేచేలోపే ఆ నీళ్ళు చెట్లకు పోసి, అదే బిందెలో కొత్త నీళ్ళు పట్టి పెడతాండె."

"ఒక మాట చెప్పొచ్చు కదా!" అన్నాడు వీరప్ప.

"నీ నమ్మకం కాదనేకి భయపడినాది. మొన్న ఈయప్పకు చెప్పబోతే, కసువు ఊడ్చుకో పో అనె."

మొదటి వారం నత్తలు చచ్చినప్పుడు తాను ఉప్పు పొట్లాన్ని తిట్టుకున్నది కేశవకు గుర్తొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"యాడుంటాది ఆమె?"

"ముదిగుబ్బ పక్క ఏదో పల్లె. ఎవరడిగినారు?"

పదింటికి వాకిట్లో కారు ఆగింది. బెంగళూరు పెద్దాయన తొట్టిని చూశాడు. ఫోన్‌లో కేశవ పంపిన ఫోటో చూశాడు. మళ్ళీ తొట్టిని చూశాడు.

"పోయిన వారం దాకా ఎంత బాగున్నాయి! అప్పుడు చూసుకున్నది నువ్వేనా?"

ఔనని, ఏదో సాకు చెప్పి గట్టెక్కవచ్చు. కేశవ వాకిట్లో తలలు వాల్చిన కనకాంబరాల వైపు చూశాడు.

"నేను కాదు సార్. ఒకామె చూసుకుంటాండె. నీళ్ళు పారబోస్తాందని నేనే పంపించేసినా, పేరు కూడా అడగకుండా."